డేరా కూడా కస్టడీయే

ఎండలు ముదిరి శ్రీశైలం జలాశయం తగ్గుతున్నకొద్దీ సోమశిల దగ్గర కృష్ణమ్మ వెనక్కి జరుగుతుంది. నీళ్లకూ గట్టుకూ నడుమ ఒండ్రు తేలుతుంది. పైపైన ఎండి నెర్రెలు బారినట్టు కనిపిస్తుంది గానీ, కాలు పెడితే మోకాలి దాకా దిగబడుతుంది. నది చూడవచ్చినవాళ్లు లాంచీ ఎక్కి, ఫొటోలు దిగి, చేపల పులుసు తిని తిరుగు ప్రయాణం కడతారు. లాంచీ ఆగని మలుపుల్లో, ఆ ఒండ్రు అంచున, నల్ల టార్పాలిన్ కప్పిన డేరాలు ఉంటాయి. అవి చేపల వేటకు వచ్చినవాళ్లవి. కోస్తా నుంచి పిల్లాజెల్లాతో వచ్చినవాళ్లు కొందరు, నల్లమల చెంచులు కొందరు. చేపపిల్లను కూడా వదలని అలివి వల నిషేధమని ఒడ్డున అందరికీ తెలుసు. అయినా ఆ వల నీళ్లలో పడుతూనే ఉంటుంది. దాన్ని లాగడానికి చాలా చేతులు కావాలి. ఆ చేతులను అప్పు ఇచ్చి తెస్తారు.

కొల్లాపూర్ వైపు ఇలా వెట్టికి చిక్కిన చెంచు కుటుంబాలను అధికారులు విడిపించిన సంగతి ఈమధ్య పత్రికల్లో వచ్చింది. అలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ పట్నంలో కూర్చున్నవాళ్లు ఒకే ప్రశ్న అడుగుతారు. కాళ్లకు గొలుసు లేదు, తలుపుకు తాళం లేదు, అసలు తలుపే లేదు, పక్కనే పుట్టి పెరిగిన అడవి ఉంది, మరి ఎందుకు పారిపోలేదు?

జవాబులో సగం డబ్బు లెక్క. అది చెప్పడం తేలిక. మిగతా సగం చీకటి పడ్డాక జరిగేది. దాని గురించి మన పల్లెల్లో గొంతు తగ్గించి మాట్లాడతారు. ప్రభుత్వ కాగితాల్లో అది ఒక గడి కింద కూడా రాదు. ఈ కథనం ఎక్కువగా ఆ రెండో సగం గురించి.

బయానా

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో బయానా, అంటే పనికి ముందే చేతిలో పెట్టే అప్పు, తెలియని వాడ లేదు. అది ఇచ్చి కూలీలను కూడగట్టే గుంపు మేస్త్రీ ఎక్కడి నుంచో ఊడిపడడు. అదే ఊరివాడు, చాలాసార్లు అదే కులంవాడు. ఒకరికి మామ, ఇంకొకరికి బావ, పిల్లలకు చిన్నాయన. ఎవరి బోరు ఎండిపోయిందో, ఎవరి ఆడపిల్లకు సంబంధం కుదిరిందో, ఎవరు దవాఖానకు అప్పు చేశారో అతనికి తెలుసు. ఆ అవసరం ముంచుకొచ్చిన నాడే నోట్ల కట్టతో గుమ్మం ముందు నిలబడతాడు. కాగితం ఉండదు. పీర్ల సాక్షిగానో ఎల్లమ్మ సాక్షిగానో ఒక మాట ఉంటుంది. లారీ ఎక్కాక లెక్క మేస్త్రీ పుస్తకంలోకి పోతుంది. తిండికని వారం వారం ఇచ్చేది, జ్వరం వస్తే ఇప్పించిన సూది, చావుకో పెళ్లికో ఊరికి పోయివచ్చిన బస్సు చార్జీ, అన్నీ ఆ పుస్తకంలోనే చేరతాయి. చదువు రాని మనిషికి తన బాకీ ఎంతో ఎదుటివాడు చెప్తేనే తెలుస్తుంది.

బయానా మనిషికి ఇవ్వరు, జోడీకి ఇస్తారు. మొగుడూ పెళ్లాం కలిస్తేనే ఒక లెక్క. అతను గడ్డపార పట్టి తవ్వాలి, ఆమె తట్ట ఎత్తాలి. ఈ ఒక్క సంగతి మన జిల్లాల్లో ఎన్నో పెళ్లిళ్ల ముహూర్తాలు పెట్టింది. పదహారేళ్ల పిల్లను ఇంటి దగ్గర ముసలివాళ్ల మధ్య వదిలి పోవడానికి తల్లికి భయం. వెంట తీసుకుపోవడానికి అంతకన్నా భయం. పెళ్లి చేస్తే భయం తీరుతుంది, జోడీ కూడా అవుతుంది. బాల్యవివాహాల మీద గోడల మీద రాతలు రాయించే అధికారులు ఆ జోడీ లెక్కను కూడా ఒకసారి చదవాలి.

కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డ మనది. రెండు నదులు ఒరుసుకుని పారే నేల నుంచి మనుషులు మట్టిపనికి దేశాలు పట్టిపోయారు. రాజోలిబండ మళ్లింపు పథకం కింద మన వాటా 15.9 టీఎంసీలు, ఆయకట్టు 87,500 ఎకరాలు అని కాగితం చెప్తుంది. ఆ కాగితం చూసి చివరి తూము రైతు ఎన్నడూ నాట్లు వేయలేదు. నాగార్జునసాగర్, శ్రీశైలం ఆనకట్టల మట్టి మోసిన తలల్లో పాలమూరు తలలు ఉన్నాయి. అదే శ్రీశైలం 1981లో వందకు పైగా ఊళ్లను ముంచింది. కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల రైతులు తమ పొలాలు నీళ్ల కిందికి పోవడం కళ్లారా చూశారు. ఇంటికో ఉద్యోగమని 1986లో వచ్చిన 98వ జీవో పేరు చెప్తే కొల్లాపూర్ ప్రాంతంలో ఇప్పటికీ తలపండినవాళ్లు లేచి నిలబడి మాట్లాడతారు. భూమి పోయినచోట బయానా మొలిచింది. ఈ చరిత్ర చాలామంది రాశారు, నేను ఇక్కడితో ఆపుతాను.

చీకటి పడ్డాక

డేరాకు తలుపు ఉండదని ముందే చెప్పాను. స్నానానికి మరుగు ఉండదు. కోడి కూయకముందే లేచి, రెండు చెంబులు పోసుకుని, తడి చీర మీదే పొడి చీర చుట్టుకోవాలి. బహిర్భూమికి చీకట్లోనే పోవాలి. పనిచోట ఎవరు ఎక్కడ తట్ట ఎత్తాలో మేస్త్రీ చెప్తాడు. ఎవరి మొగుడికి రాత్రి కాంక్రీటు పని వేయాలో, ఎవరిని నలభై మైళ్ల అవతలి సైటుకు పదిరోజులు పంపాలో కూడా అతనే చెప్తాడు. వలస పల్లెల్లో చాలాకాలం తిరిగినవాళ్లకు ఈ ఏర్పాటు అర్థం కావడానికి ఎవరూ పూసగుచ్చినట్టు చెప్పనక్కర్లేదు. ఫలానా సంవత్సరం ఫలానా చోటికి ఎందుకు మళ్లీ పోలేదని అడిగినప్పుడు ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మాట కూలి రేటు మీదికి మళ్లుతుంది.

కోరిక అనే మాటను ఇక్కడ నేరుగా వాడాలి. డేరాలో కోరిక లేదని ఎవరూ అనుకోకూడదు. ఊళ్లో వాడవాడకూ గీత ఉంటుంది, డేరాలో గీత చెరుగుతుంది. ఒకే కుప్ప దగ్గర మాదిగ పిల్ల, బోయ పిల్లాడు, లంబాడా పిల్ల తట్ట అందుకుంటారు. చేతులు తగులుతాయి, చూపులు కలుస్తాయి, మనసులు కలుస్తాయి. ఊరికి తిరిగి పోలేక ముంబై దాకా పోయి బతికిన జంటలు మన పల్లెల జ్ఞాపకంలో ఉన్నాయి. అది వాళ్ల సొంత కోరిక, వాళ్ల సొంత తెగువ. దానిమీద తీర్పు చెప్పే హక్కు నాకు లేదు, ఊరికీ లేదు.

నేను మాట్లాడేది ఇంకో దాని గురించి. మేస్త్రీతోనో, సైటు సూపర్‌వైజరుతోనో, వేట కాంట్రాక్టరు మనిషితోనో ఒక స్త్రీ పేరు ముడిపడుతుంది. ఊరు ఒకే మాట అంటుంది, ఆమెకు అతనితో సంబంధం ఉందని. ఆ ‘సంబంధం’ అనే మాటలో అతను పోతాడు, ఆమె మిగులుతుంది. ఆమె కాదని ఉంటే ఏం జరిగేదో ఎవరూ అడగరు. వారం ఖర్చు ఆగేది. హాజరు సగం పడేది. మొగుడి మీద దొంగతనం మోపేవాళ్లు. బాకీ రెట్టింపయ్యేది. కాదంటే ఇంత ధర కట్టవలసిన చోట అవునన్న మాటను ఇష్టం అని లెక్కకట్టడం అన్యాయం. ఇష్టాన్ని తూచాలంటే ముందు త్రాసు సమంగా నిలవాలి.

ఇంకొక దెబ్బ ఇంట్లోనే తగులుతుంది. సంగతి తెలిసిన మొగుడు మేస్త్రీని ఏమీ అనలేడు, బయానా తిన్నది తనూ కాబట్టి. ఆ కసి పెళ్లాం మీద తీరుతుంది. కొన్ని డేరాల్లో తాగుడు అంతగా ఎందుకు పెరుగుతుందో డాక్టర్లు చెప్పే కారణాలకు దీన్ని కూడా కలపాలని నాకు అనిపిస్తుంది.

2024 జూన్‌లో నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక చెంచు స్త్రీని, కూలికి పిలిచినవాళ్లే, పనికి రాలేదన్న కోపంతో చిత్రహింసలు పెట్టారు. ఆమె భూమి కూడా వాళ్ల కౌలులోనే ఉంది. ఒంటి మీద కాల్చిన గాయాలతో ఆమె ఆసుపత్రికి చేరాక మంత్రులు వచ్చారు, అరెస్టులు జరిగాయి. ఆ దెబ్బలు ఏ భాగాల మీద కొట్టారో గుర్తుచేసుకుంటే, అది కేవలం పని ఎగ్గొట్టినందుకు వేసిన శిక్ష కాదని ఎవరికైనా తెలుస్తుంది. ఆడమనిషి ఒళ్లు కూడా తమ కౌలు కిందికే వస్తుందని నమ్మినవాళ్ల పని అది.

ఫిజీలో ఒక నది ఒడ్డున

ఈ ఏర్పాటు మన జిల్లాల్లోనే పుట్టలేదు. మేస్త్రీ అనే మనిషే రంగూన్ ధాన్యం మిల్లులకు కోరంగి రేవు నుంచి తెలుగువాళ్లను ఓడలెక్కించాడు. ఫిజీ చెరకు తోటలకు 1879 నుంచి 1916 దాకా దాదాపు 60 వేల మంది భారతీయులు గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద పోయారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా తెలుగువాళ్లూ వెళ్లారు. అక్కడి నిబంధన ప్రకారం నూరుగురు మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లు. పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు గదులు. ఒక్కో గదిలో ముగ్గురు ఒంటరి మగవాళ్లు, లేదా ఒక కుటుంబం. గదుల నడుమ గోడ పైకప్పు దాకా ఉండేది కాదు. పని పంచే సర్దారుకూ, పై ఓవర్సీరుకూ ఆడవాళ్ల మీద ఉన్న అధికారం ఎంతటిదో ఆ గదుల కొలతలే చెప్తాయి.

1913 ఏప్రిల్‌లో కుంతి అనే దళిత స్త్రీని ఓవర్సీరు అందరికీ దూరంగా అరటితోటలో కలుపు తీయడానికి ఒంటరిగా పంపాడు. తర్వాత తనూ అక్కడికి వచ్చాడు. ఆమె వదిలించుకుని నదిలో దూకింది. పడవలో ఉన్న ఒక కుర్రాడు ఆమెను బయటికి లాగాడు. ఆమె కథ కలకత్తా నుంచి వెలువడే ‘భారత్ మిత్ర’లో అచ్చయింది. ప్రభుత్వం విచారణ జరిపించింది. ఫిజీ అధికారులు ఆమె చెప్పింది అబద్ధమన్నారు. అయినా ఆ కథ ఆగలేదు. సి.ఎఫ్.ఆండ్రూస్ 1915లో ఫిజీ పోయి చూసివచ్చి 1916లో నివేదిక రాశాడు. 1920 జనవరి 1న మిగిలిన గిర్మిట్ ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. కూలి తక్కువని ఏళ్ల తరబడి చెప్పినా కదలని దేశాన్ని ఒక స్త్రీ నదిలో దూకడం కదిలించింది.

ఇందులో నన్ను బాధపెట్టే సంగతి ఒకటుంది. ఆ కూలి లైన్లలో మగవాళ్లు ఉరివేసుకుంటే, ఆడవాళ్ల చెడునడతే కారణమని తెల్ల అధికారులు రాసిపెట్టారు. చాలాకాలం మనవాళ్లూ అదే నమ్మారు. మన డేరాల ఆడవాళ్ల గురించి మన ఊళ్లో అనే మాటకూ దానికీ తేడా నాకు కనిపించలేదు.

పత్తి పువ్వు, చెరకు కత్తి

గద్వాల విత్తన పత్తికి దేశమంతా పేరుంది. ఆ విత్తనం వెనక క్రాసింగ్ అనే పని ఉంది. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు గిల్లాలి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి. సన్నని వేళ్లు కావాలని ఆడపిల్లలను పెడతారు. కంపెనీకీ రైతుకూ నడుమ ఆర్గనైజరు, రైతుకూ కూలికీ నడుమ మళ్లీ బయానా. బయటి ఊళ్ల పిల్లలు సీజనంతా చేను గట్టు షెడ్డులోనే పడుకునేవాళ్లు. బాల కార్మికుల మీద పరిశోధనలు, తనిఖీలు వచ్చాక చిన్నపిల్లల సంఖ్య తగ్గించామని కంపెనీలు చెప్తాయి. పద్నాలుగు దాటిన పిల్ల రాత్రి ఆ షెడ్డులో ఎవరి కాపలాలో పడుకుంటుందన్నది ఆ లెక్కల్లో ఉండదు.

మహారాష్ట్ర చెరకు కోతలోనూ ఇదే జోడీ పద్ధతి. మన తండాల నుంచీ ఆ దారిన పోయేవాళ్లు ఉన్నారు. బీడ్ జిల్లాలో గర్భసంచులు తీయించుకున్న కోత స్త్రీల మీద 2019లో నీలమ్ గోర్హే అధ్యక్షతన ప్రభుత్వం కమిటీ వేసింది. అడిగిన 82,309 మందిలో 13,861 మందికి గర్భసంచి లేదు. నెలసరి నాడు పని మానితే జరిమానా కట్టాలి. ఒళ్లు ఒకసారి బాకీ ఖాతాలోకి ఎక్కిందంటే అది ఎంతదాకా పోతుందో చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు.

చట్టం ఎక్కడ ఆగింది

చట్టాలు లేవని చెప్పలేను. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976ది. అప్పు ఇచ్చి పని చేయించుకుంటే ఆ అప్పు చెల్లదు, కూలి తిరిగి కట్టనక్కర్లేదు. అప్పు వెట్టిది కాదని రుజువు చేసుకోవలసిన భారం ఇచ్చినవాడిదే. 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు కనీస వేతనం కన్నా తక్కువ ఇవ్వడమే బలవంతపు చాకిరి అంది. 1983లో బంధువా ముక్తి మోర్చా కేసులో జస్టిస్ పి.ఎన్.భగవతి ఇంకో అడుగు ముందుకేసి, బలవంతంగా పని చేయిస్తున్నారంటే దాని వెనక అప్పు ఉందనే అనుకోవాలన్నారు.

అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. కాంట్రాక్టరుకు లైసెన్సు, కూలికి ఫొటో అంటించిన పాస్‌బుక్, ఊరు విడిచినందుకు నెల కూలిలో సగం భత్యం ఇవ్వాలని అందులో ఉండేది. ఆ భత్యం తిరిగి ఇవ్వనక్కర్లేనిది. చట్టం ఊరికే ఇమ్మన్న డబ్బును మన మేస్త్రీ అప్పుగా ఇచ్చాడు. నలభై ఏళ్లపాటు మన పల్లెల్లో జరిగిన మోసమంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. 2020 నాటి వృత్తి భద్రతా కోడ్‌లో ప్రయాణ భత్యం మిగిలింది, ఊరు విడిచినందుకు ఇచ్చే ఈ భత్యం పోయింది. ఇక లంచం సంగతి. పాస్‌బుక్ లేని కూలి చచ్చిపోతే పరిహారం ఎగ్గొట్టవచ్చు. హాజరు పట్టీలో పేరు లేని స్త్రీ ఫిర్యాదు చేస్తే ఆమె ఇక్కడ పనే చేయలేదనవచ్చు. ఆ పాస్‌బుక్ అడగకుండా వెళ్లిపోయిన ప్రతి తనిఖీకీ ఎవరో ఒకరు ధర కట్టారు.

అత్యాచార చట్టం కస్టడీ అనే మాటను 1983లోనే గుర్తించింది. పోలీస్ స్టేషన్లో, జైల్లో, రిమాండ్ హోంలో, ఆసుపత్రిలో స్త్రీ ఒకరి అదుపులో ఉంటుంది కాబట్టి అక్కడి నేరానికి శిక్ష పెద్దది. జస్టిస్ వర్మ కమిటీ తర్వాత 2013 సవరణలో ఇంకొక దారి తెరిచారు. స్త్రీ మీద అదుపు గానీ ఆధిపత్యం గానీ ఉన్న స్థానంలోని మనిషి చేసిన అత్యాచారానికి కనీసం పదేళ్ల శిక్ష. తిండి, కూలి, నిద్ర, మొగుడి పనివేళ, ఊరికి పోయే బస్సు చార్జీ, ఇన్ని చేతిలో పెట్టుకున్న మేస్త్రీ ఆ స్థానంలో లేకపోతే ఇంకెవరున్నారు? డేరా కూడా కస్టడీయే. పోలీసులు ఎఫ్ఐఆర్ రాసేటప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

పునరావాసంలోనూ ఇదే లోపం. కేంద్ర పథకం 2016 నుంచి వెట్టి నుంచి విడుదలైన మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకూ పిల్లలకూ రెండు లక్షలు, లైంగిక దోపిడీ, అక్రమ రవాణా వంటి తీవ్రమైన కేసుల్లో మూడు లక్షలు ఇస్తామంది. వ్యభిచార గృహాల వంటివి అందులో పేరుపెట్టి చెప్పారు, కూలీ డేరా పేరు లేదు. అయితే కలెక్టరు తగునని భావిస్తే మూడు లక్షల వర్గంలో చేర్చవచ్చు. తక్షణం చేతికి వచ్చేది ముప్పై వేలు. మిగతాది నేరం రుజువయ్యాకే. నది ఒండ్రులోంచి బయటపడ్డ మనిషి, తీర్పు వచ్చేదాకా ఏళ్ల తరబడి ఏం తిని బతకాలి? ఈలోగా మళ్లీ బయానా ఇచ్చేవాడు గుమ్మం ముందుకు రాడా?

చట్టం కాపాడవలసినవాళ్లు ఇప్పుడు మనవాళ్లు మాత్రమే కారు. 2025 ఫిబ్రవరి 22న ఇదే నాగర్‌కర్నూల్ జిల్లాలో దోమలపెంట వైపు నుంచి తవ్వుతున్న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగంలో, దాదాపు పద్నాలుగో కిలోమీటరు దగ్గర, పైకప్పు కూలి నీళ్లూ బురదా ముంచెత్తాయి. ఎనిమిది మంది లోపలే ఉండిపోయారు. అందులో నలుగురు జార్ఖండ్ కూలీలు. వారాల తరబడి తవ్వినా ఇద్దరి మృతదేహాలే దొరికాయి. ఒకప్పుడు దేశమంతటా తవ్వడానికి పోయిన పాలమూరుకు ఇప్పుడు ఇతర రాష్ట్రాల కూలీలు వచ్చి తవ్వుతున్నారు. వాళ్ల ఊళ్లలోనూ ఒక మేస్త్రీ ఉంటాడు. మన గట్ల మీద వాళ్ల డేరాలు ఉన్నాయి. వాళ్ల ఆడవాళ్ల భాష మన పోలీసులకు రాదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కలెక్టర్లకు ఒక విన్నపం. వెట్టి చట్టం 13వ సెక్షన్ ప్రకారం మీ జిల్లాల్లో విజిలెన్స్ కమిటీ ఉండాలి, దానికి మీరే అధ్యక్షులు. అందులో జిల్లావాసులైన ఎస్సీ ఎస్టీ సభ్యులు ముగ్గురుండాలి. వాళ్లలో ఒకరైనా వలస పోయివచ్చిన స్త్రీ కావాలి. విడుదల చేసిన ప్రతిసారీ ఆడవాళ్ల వాంగ్మూలం మొగుడి ముందూ మేస్త్రీ ముందూ కాకుండా విడిగా, మహిళా అధికారి రాసుకోవాలి. పీర్ల పండక్కీ, ఉగాదికీ, దసరాకీ వలస పోయినవాళ్లు ఇంటికి వస్తారు. ఆ నాలుగైదు రోజులే వాళ్లు మేస్త్రీ కనుసన్నల్లోంచి బయట ఉండేది. ఆ రోజుల్లో ప్రతి వలస పల్లెకూ ఆ మహిళా అధికారిని పంపండి.